క్యాసెట్టు తిప్పిన చోట

మా ఊరు కట్టంగూరు నుంచి సైకిలు మీద పోయి రాగలిగేంత దూరంలో ఉంది. పేరు చెప్పినా మీకు తెలియదు. కానీ "తెగే పాట ఊరు" అనండి, ఇప్పుడు సగం జిల్లాకు తెలుసు. పెళ్లి ఊరేగింపులకూ పార్టీల మీటింగులకూ మా వాళ్లను లారీ ఎక్కించి తీసుకుపోతున్నారు. డప్పులు దంచుతుంటాయి, నడుమ ఒక ఆడగొంతు పాట అందుకుంటుంది, ఆ పాట సగం మాటలో కత్తితో కోసినట్టు తెగుతుంది. రెప్పపాటు అంతా బంద్. తర్వాత డప్పులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. జనం ఈలలు వేస్తారు. "అబ్బ, ఏం తెంపిండ్రురా!" అంటారు.

నాకైతే అది విన్నప్పుడల్లా నోట్లో చేదునీళ్లు ఊరతాయి.

ఆ తెగడం ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. పుట్టినప్పుడు నేను ఒంటినిండా పసుపురంగు పూసుకుని అక్కడే ఉన్నాను. ఇది రాస్తే మా వాళ్లకు కోపం వస్తుంది. రానీ. నేను రాయబోయేది వాళ్ల గురించి కాదు, ఫక్రుద్దీన్ చిచ్చా గురించి. లారీ ఎక్కేవాళ్లలో ఒక్కడూ ఇప్పుడు ఆయన పేరు ఎత్తడం లేదు.

ఫక్రుద్దీన్‌ది పశువుల బేరం. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడే మనిషి. మా దగ్గర ఎద్దుల ధర నోటితో మాట్లాడరు. చుట్టూ పదిమంది చెవులు రిక్కించుకుని ఉంటారు కదా. బేరగాడు భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. ఆ తువ్వాల కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. వేలు పట్టుకుంటే ఒక మాట, కణుపు నొక్కితే ఇంకో మాట, అరచేతిలో గీస్తే మరో మాట. పైన మొహాలు మాత్రం ఏమీ ఎరగనట్టు మబ్బులు చూస్తుంటాయి. ఫక్రుద్దీన్ బతుకంతా ఆ తువ్వాల కిందే గడిచింది. నోరు ఉన్నది బీడీ పెట్టుకోవడానికే అన్నట్టు ఉండేవాడు. ఇంట్లో చాయ్ కావాలన్నా వేలితోనే అడిగేవాడు. ఆయన భార్య తాహేరా గిన్నె నేలకేసి కొట్టి తిట్టేది:

"నోరు పడిపోయిందా నీకు? నోటితోని చెప్పు! నేనేమన్న నీ సంతల బర్రెనా?"

ఆయన నవ్వి, అరచేయి నేలవైపు తిప్పి మెల్లగా కిందికి దించేవాడు. తగ్గు, తగ్గు అని. దాంతో ఆమె ఇంకా పెంచేది. ఆయన చేతికి లొంగని మనిషి ఊళ్లో తాహేరా ఒక్కతే.

మిగతా అందరూ లొంగేది మొహర్రంలో. ఆ పది రోజులూ మా ఊళ్లో పీర్లు, పట్టుగుడ్డలు చుట్టిన వెండి పంజాలు, నిలబడతాయి. పీర్ల కొట్టం ముందు గుండం తవ్వి నిప్పు వేస్తారు. దాని చుట్టూ ఊరంతా ఆడుతుంది. సాయిబులు, గొల్లలు, మాదిగలు అన్న లెక్క ఆ పది రోజులూ ఉండదు. పదకొండో రోజు మళ్లీ వచ్చేస్తుంది. పది డప్పులు ఒకచోట మోగితే మనిషి నోరు ఎవరికి వినబడుతుంది? వెనక ఎవరో పెద్దమనిషి ఈల వేసి ఆటను నడిపేవాడట. ఆయన పోయాక ఫక్రుద్దీన్ గుండం ముందు నిలబడ్డాడు. ఈల తేలేదు. చేతులు ఎత్తాడు. సంతలో తువ్వాల కింద దాగి ఉన్న వేళ్లు ఆ రోజు మొదటిసారి బయటికొచ్చాయి.

పిడికిలి బిగిస్తే అందరూ బంద్. అరచేయి కిందికి దించితే తగ్గాలి. మోకు లాగినట్టు చెయ్యి లాగితే, చేస్తున్నదాన్ని సాగదీయాలి. ఒకడి దిక్కు చూపి గాలిలో గిల్లితే, పక్కవాడు చేస్తున్నది నువ్వు అందుకోమని. అన్నిటికంటే భయం వేసేది ఇంకొకటి ఉంది. వేలు నీ దిక్కు చూపి మణికట్టు తిప్పి అరచేయి తెరుస్తాడు. నీ ఇష్టం అని. ఏదన్నా చెయ్యి, డప్పు కొట్టు, గంతెయ్యి, ఏడువు, ఊరికే నిలబడు. నువ్వు ఏది చేస్తే దాన్ని పట్టుకుని ఆయన మిగతా ముప్పై మందిని నడిపిస్తాడు. ఏ ఏడు ఆట ఆ ఏటిదే. నిన్నటిది ఇవ్వాళ ఉండదు. మేం నేర్చుకోవాల్సింది ఒక్కటే, కళ్లు చేతి మీద ఉండాలి.

ఆయన దగ్గర తప్పు అనే మాట లేదు. ఒకసారి అంజన్న అనే ఆయన ఆడుతూ ఆడుతూ బురదలో జారి బోర్లా పడ్డాడు. జనం నవ్వబోయారు. ఫక్రుద్దీన్ గాలిలో గిల్లాడు. పక్కవాడు పడ్డాడు. మళ్లీ గిల్లాడు. వరసగా అందరం పడ్డాం, డప్పులవాళ్లు మోకాళ్ల మీద కూలి కొట్టారు. కర్బలాలో కూలినవాళ్లను తలుచుకునే పండుగ అది. నవ్వబోయిన జనం గమ్మున ఏడ్చారు. తర్వాత అంజన్న వచ్చి సిగ్గుపడుతూ నిలబడితే ఫక్రుద్దీన్ నోరు విప్పాడు.

"తప్పు ఒక్కపారి చేస్తే తప్పు. ఇంకోపారి చేస్తే ఆట. సిగ్గెందుకురా?"

ఆ మాటే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది. చెప్తాను.

నేను పులిని. చిన్నప్పుడు జ్వరంతో పోయేవాణ్నట, మా అవ్వ పీర్లకు మొక్కింది, పిల్లగాడు బతికితే ఏటేటా పులివేషం కట్టిస్తానని. అందుకని నల్లగొండలో డిగ్రీ సగంలో మానేసి ఇంట్లో పడ్డాక కూడా వేషం తప్పలేదు. కాలేజీ ఎందుకు మానేశావని ఇప్పటికీ అడుగుతారు. లెక్చరరు పాత నోట్సు చదివేవాడు, మేం రాసుకునేవాళ్లం, పరీక్షలో దాన్నే కక్కేవాళ్లం. నాకు కక్కడం చేతకాలేదు, అంతే. ఫక్రుద్దీన్ నన్ను "కాలేజీ పులీ" అని పిలిచేవాడు.

ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. మల్లప్ప డప్పులకు పెద్ద. ఫక్రుద్దీన్‌తో కలిసి చిన్నప్పటి నుంచి బాయిలో ఈత కొట్టినవాడు, బావా అంటే బావా అనుకునేవాళ్లు. రెండోది గొర్ల రామమ్మ. మొగుడితో గొర్ల వెంట తిరిగి తిరిగి ఎండకు కళ్లకు పొర వచ్చింది. మనుషులు నీడల్లాగ కనిపిస్తారు తప్ప చెయ్యి కనబడదు. కానీ ఆమె గొంతు లేకపోతే ఆట లేదు. దానికి ఫక్రుద్దీన్ ఏం చేశాడంటే, ఆమెను తన ఎడమ పక్కన నిలబెట్టుకుని, ఆమె చేతినీ తన చేతినీ కలిపి మీద తువ్వాల కప్పాడు. కుడిచేత్తో మమ్మల్ని నడిపేవాడు, ఎడమచేతి వేళ్లతో, సంతలో ఎద్దుల బేరం చేసినట్టు, ఆమెను పాడించేవాడు.

"ఏంది తమ్మీ, నన్ను ఎంతకు అమ్ముతున్నవ్?" అనేది రామమ్మ.

"ముసలి గొర్రెను ఎవడు కొంటడక్కా, పాడు."

ఎనభై ఎనిమిది మొహర్రం వానాకాలంలో పడింది. పదో రోజు మధ్యాహ్నం, పీర్లు ఊరేగింపుకు సవారి లేవబోయే ముందు, ఆట నడుస్తుండగా మా మండల ప్రెసిడెంటు బుచ్చిరెడ్డి జీపు దిగాడు. వెంట హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సారు. జానపద కళల కమిటీ అట. తెల్ల బట్టలు, చంకలో టేపు రికార్డరు. గుండం దగ్గర ఎవరో కుర్చీ వేశారు. సారు రికార్డరు ఒళ్లో పెట్టుకుని మీట నొక్కాడు.

సన్నగా జల్లు మొదలైంది. వానకు డప్పు తోలు మెత్తబడుతుంది. మల్లప్ప డప్పు అన్నిటికంటే ముందు మూగబోయింది. ఆట నడుమ ఆయన తలొంచుకుని, డప్పు కాచుకోవడానికి గుండం దగ్గరికి నడిచాడు. వేరే ఎవరైనా అయితే అక్కడ ఆట నీరుగారేది. ఫక్రుద్దీన్ అరచేయి దించాడు, డప్పులన్నీ గుసగుసలయ్యాయి. గాలిలో గిల్లి నన్ను చూపాడు. నేను మల్లప్ప వెనకే, ఆయన నడకే నడుస్తూ పోయాను. మల్లప్ప నిప్పు ముందు వంగితే నేనూ వంగాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు, కానీ వీపు మీద రంగు కింద రోమాలు లేచాయి. అప్పుడు తువ్వాల కింద ఆయన వేళ్లు ఏం చెప్పాయో, రామమ్మ ఎన్నడూ పాడనిది ఎత్తుకుంది:

"చినుకు పడితె చిన్నబోయెను తోలు,
నెత్తురు పడితె ఏమైనవే నేలా..."

ఆ నేలా అన్నది ఆమె లాగిన లాగుడు! ఫక్రుద్దీన్ కుడిచెయ్యి మోకు లాగుతూనే ఉంది. మల్లప్ప కాగిన డప్పు చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసుకుని, తిరిగొచ్చి ఒక్క దెబ్బ వేశాడు. అందరం దాని మీద పడ్డాం.

ఇదంతా జరిగేటప్పుడు సారు ఒళ్లో రికార్డరు టక్కుమంది. క్యాసెట్టు ఒక వైపు అయిపోయింది. ఆయన గాబరాగా తీసి తిప్పి పెట్టుకునేసరికి, అందులో పడింది ఇంతే: "నెత్తురు ప". టక్. తర్వాత డప్పుల వాన. ఆ నేలా లేదు, ఆ లాగుడు లేదు. నేను నిప్పు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఎవరికి పట్టింది?

మర్నాడు బుచ్చిరెడ్డి వాకిట్లోకి మమ్మల్ని పిలిచారు. సారు తెగ మురిసిపోయాడు.

"అద్భుతమండీ! నల్లగొండలో పోటీలు పెడుతున్నాం. మీరు తప్పకుండా రావాలి. కానీ ఇదే, ఈ క్యాసెట్టులో ఉన్నదే చెయ్యాలి. న్యాయనిర్ణేతలకు ముందే వినిపించేశాను. ఒక్క ముక్క కూడా మారకూడదు."

ఫక్రుద్దీన్ చేయి లేచింది, మళ్లీ దించి నోటితోనే చెప్పాడు. "ఆ దినం వాన పడ్డది సారూ. తోలు మెత్తవడ్డది, గందుకే అట్లయింది. గా వానను నల్లగొండకు మోసుకపోవాల్నా?"

"అదేమిటండీ, చేసిందే కదా చెయ్యమంటున్నా?"

"చేసింది అయిపోయింది సారూ. ఇంకోటి చేస్తం. అక్కడ ఏముంటే దాంతోని చేస్తం. మీరు చూడుండ్రి."

సారు బుచ్చిరెడ్డి మొహం చూశాడు. బుచ్చిరెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"ఫక్రుద్దీనూ, ఇంకో మాట. నువ్వు స్టేజి మీద ఎట్ల నిలవడతవ్?"

"ఎట్లేంది పటేలా? ఆటోళ్ల దిక్కు మొకం పెట్టి."

"అంటే చీఫ్ గెస్టుకు వీపు చూపెడతవా? కలెక్టరు గిట్ల వస్తరు. ముందు వరుసల పెద్దోళ్లు కూసుంటే వాళ్ల మొకం ముంగట నీ ముడ్డి పెడతవా?"

వాకిట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి ముప్పై మందిని వేలి కొసన ఆడిస్తుంటే, వీళ్లకు కనబడింది అది.

"నన్ను జరంత పక్కకు నిలవెడతమంటే నిలవడత," అన్నాడు ఫక్రుద్దీన్. "ఆటోళ్లకు నా చెయ్యి కనవడాలె. గంతే. చెయ్యి లేకుంటే ఆట లేదు పటేలా. ఇంకేం అడగ నేను."

"చెయ్యి ఎందుకండీ, క్యాసెట్టు ఉందిగా! విని నేర్చుకుంటే సరి," అన్నాడు సారు.

ఫక్రుద్దీన్ మల్లప్ప దిక్కు చూశాడు. మల్లప్ప లేచి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడులెండి, ఆ వాకిట్లో ఆయన కూర్చోవడం నేను చూడలేదు. కాలు మార్చుకున్నాడు, అంతే.

"మేం పోతం సారూ," అన్నాడు.

బయటికొచ్చాక బండ్లబాట మీద ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. మల్లప్పే ముందు అందుకున్నాడు.

"బావా, నా తాత డప్పు కొట్టిండు, నా నాయిన కొట్టిండు. సావులకు, పెండ్లిళ్లకు, పటేండ్ల వాకిట్ల. ఏనాడన్న ఎత్తు మీద నిలవెట్టిండ్రా? ఇప్పుడు స్టేజి ఎక్కమంటున్నరు. మైకుల నా పేరు పిలుస్తరట. నువ్వు నీ చెయ్యి చెయ్యి అంటవ్."

"ఎక్కు మల్లిగా. నేను వద్దన్ననా? కని చచ్చిపోయిన ఆటను మోసుకొని ఎక్కుతవా?"

"తప్పు ఇంకోపారి చేస్తే ఆట అంటివి కద! మంచిగ చేసింది ఇంకోపారి చేస్తే ఏమాయె?"

ఫక్రుద్దీన్ తువ్వాల భుజం మార్చుకుని ఇంటి దారి పట్టాడు. మల్లప్ప చెప్పినదాంట్లో అబద్ధం లేదని నాకూ తెలుసు. ఆయనను వాకిట్లో నిలబెట్టినవాడే ఇప్పుడు ఎత్తు మీదికి పిలుస్తున్నాడు, అదే నాకు రోత. ఎక్కడానికి మెట్టు ఒక్కటే ఇచ్చారు. ఆ మెట్టు ఫక్రుద్దీన్ వీపు.

బడి ఆవరణలో ప్రాక్టీసు మొదలైంది. బుచ్చిరెడ్డి తన ఇంట్లోని టేపు రికార్డరు పంపించాడు, సారు క్యాసెట్టు కాపీ ఇచ్చిపోయాడు. డప్పులవాళ్లు దాని చుట్టూ గొంతుక్కూర్చుని చెవులు పెట్టేవాళ్లు. కొంచెం విని ఆపేవాళ్లు. కొట్టేవాళ్లు. మళ్లీ విని ఆపేవాళ్లు. నాకు నల్లగొండ క్లాసురూము వాసన వచ్చింది. మల్లప్ప డప్పు కాచుకోవడానికి నడిచిన నడక కూడా నేర్చుకున్నారు. నిప్పు లేదు, వాన లేదు, తోలు గంటలాగ మోగుతోంది. అయినా ఆ చోటు రాగానే మల్లప్ప తలొంచుకుని మూలకు నడవాలి, నేను వెంట నడవాలి, ఇద్దరం ఉత్త నేల ముందు వంగాలి. నేను వంగి మల్లప్ప చెవిలో అన్నాను:

"ఏం కాస్తున్నం కాకా, మట్టా?"

"నోరు మూసుకోని వంగురా."

తర్వాత ఆ టక్కు వచ్చింది. రామమ్మ "నెత్తురు పడితె" అని అందుకుంటే మల్లప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, 'ప' దగ్గర ఆపు. క్యాసెట్ల గంతే ఉన్నది."

"ప ఏందిరా? మాట అయిపోలే."

"కాకా, అది క్యాసెట్టు తిప్పిన చప్పుడు!" అన్నాను. "సారు తిప్పుతుంటే నేను చూసిన. ఆమె ఆపలేదు. ఇంకా ఎంతో పాడింది, నీకు యాది లేదా?"

మల్లప్ప డప్పు కొట్టే సిర్రను చేతిలో తిప్పుకున్నాడు. ఆయనకు యాది ఉంది, మొహంలో కనబడింది.

"ఉన్నది ఉన్నట్టే కావాలన్నడు సారు. జడ్జీలు గదే విన్నరు. మనం ఎక్కువ పాడితే తప్పు పట్టరా? ఆపు అక్కా."

అందరూ తలూపారు. ఎంత తొందరగా ఊపారో! వాళ్లందరూ ఆ రోజు గుండం చుట్టూ ఉన్నవాళ్లే. తమ చెవులతో విన్నదానికంటే ఆ డబ్బా చెప్పిందే నిజమైపోయింది. నేను తోక విప్పి విసిరేసి ఇంటికి పోయాను.

సాయంత్రం ఫక్రుద్దీన్ మా ఇంటికొచ్చాడు. తోక చేతిలో ఉంది. నా ముందు పెట్టాడు.

"పోరా. నీ అవ్వ మొక్కుకు మల్లిగానికి సంబంధం లేదు, సారుకు సంబంధం లేదు. పులి లేకుంటే వాడు స్టేజి మీద ఒక్కడే వంగుతడు. నవ్వుతరు వాన్ని."

"నవ్వనీ చిచ్చా."

ఆయన అరచేయి కిందికి దించాడు. తగ్గు.

నల్లగొండ పోటీలకు ఫక్రుద్దీన్ కూడా వచ్చాడు. రామమ్మను చెయ్యి పట్టి నడిపించడానికి ఎవరో ఒకరు కావాలి కదా, ఆమె ఇంకెవరి చెయ్యీ పట్టుకోనంది. స్టేజి మెట్ల దాకా తీసుకొచ్చి వదిలాడు. పైన ఆమెను మైకు ముందు నిలబెట్టారు. ఫక్రుద్దీన్ వెళ్లి జనం చివర, చెప్పులు విడిచిన చోట నిలబడ్డాడు. పైనుంచి నాకు ఆ తువ్వాల కనబడుతూనే ఉంది. చేతులు కనబడలేదు. చంకల్లో పెట్టుకున్నాడు.

ఆట ఒక్క పొల్లు పోలేదు. మల్లప్ప నడిచాడు, నేను నడిచాను, లేని నిప్పు ముందు వంగాం. "నెత్తురు ప" అని రామమ్మ గొంతు తెగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. డప్పులు మీద పడ్డాయి. చప్పట్లు.

న్యాయనిర్ణేత ఒకాయన మైకు అందుకుని, కళ్లు తుడుచుకుని మరీ చెప్పాడు. "ఆ పాట తెగిన చోట మృత్యువు మన కళ్ల ముందు నిలిచింది. పలకని మాటలో ఎంత అర్థం! ఇది తరతరాలుగా మన జానపదులు దాచుకున్న ప్రాచీన శిల్పం."

ప్రాచీనమట. మొన్న వానాకాలం నాటి క్యాసెట్టు. నేను పులి మొహం కింద పళ్లు నూరుకున్నాను. మొదటి బహుమతి మాకే. షీల్డు బుచ్చిరెడ్డి అందుకున్నాడు. మల్లప్పకు శాలువా కప్పారు, మైకులో ఆయన పేరు పిలిచారు, అదొక్కటీ నిజంగా జరిగింది. పిలిచినప్పుడు ఆయన మొహం చూస్తే నాకు తిట్టబుద్ధి కాలేదు. రామమ్మకు నారాయణపేట చీర ఇచ్చారు. ఆమె అంచు తడిమి చూసుకుని, మెట్లు దిగి, గాలిలో చెయ్యి చాపి ఫక్రుద్దీన్ చెయ్యి వెతుక్కుంది.

"కొయ్య ముంగట పాడినట్టున్నది తమ్మీ. గుంజలే, నొక్కలే. మాట గొంతులనే ఉన్నది ఇంక."

"ఉండనియ్ అక్కా. ఖరాబు కాదు."

ఊళ్లో ఆ ఏడంతా అదే ముచ్చట. బడిపిల్లలు కూడా అన్నం ప్లేట్ల మీద కొట్టుకుంటూ "నెత్తురు ప" అని ఆగి, మళ్లీ దంచేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆట కోసం అడగడం మొదలుపెట్టారు. ఫక్రుద్దీన్ సంతకు పోయి వస్తున్నాడు. ఎవరేమన్నా ఒకటే మాట: "పండుగ రానియ్. గుండం కాడ చూద్దం." ఆయనకు ఇంకా నమ్మకం ఉంది. స్టేజి వాళ్లది, గుండం మనది అనుకున్నాడు. నిప్పు ముందు నిలబడి చెయ్యి ఎత్తితే కళ్లు వాటంతట అవే వస్తాయనుకున్నాడు. తాహేరాకు ఆ నమ్మకం లేదు.

"పోకు. నీ ఇజ్జత్ పోతది," అంది మరుసటి ఏడు మొహర్రం పదో రోజు పొద్దున, ఆయన తువ్వాల దులుపుకుంటుంటే. "నా మాట ఇను జర. ఇంట్ల కూసో. నువ్వు లేకుంటనన్న నీ యాది చేస్తరు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, మీద తువ్వాల కప్పి, ఏదో నొక్కాడట. తర్వాత ఆమే చెప్పింది నాకు. "ఏం చెప్పిండో తెల్వదు. నేనెన్నడు నేర్చుకోకపోతి ఆ భాష," అంది.

ఆ మధ్యాహ్నం పోయిన ఏటి కంటే రెండింతల జనం. పక్క ఊళ్ల నుంచి వచ్చారు, బహుమతి ఆట చూడటానికి. మబ్బు పట్టి ఉంది. ఫక్రుద్దీన్ గుండం ముందుకొచ్చి నిలబడ్డాడు, ఎడమ పక్కన రామమ్మ, కలిసిన చేతుల మీద తువ్వాల. కుడిచెయ్యి ఎత్తాడు.

డప్పులు మొదలయ్యాయి. చెయ్యి ఇంకా పైనే ఉంది. అది దిగక ముందే మొదలయ్యాయి.

బహుమతి ఆట. అదే దరువు, అదే వరస. ఆయన అరచేయి దించాడు. ఎవరూ తగ్గలేదు. గాలిలో గిల్లాడు. ఎవరూ అందుకోలేదు. ఎవరి కళ్లూ చేతి మీద లేవు, అందరూ తల కొంచెం వంచి, లోపల తిరుగుతున్న క్యాసెట్టు వింటున్నట్టు ఉన్నారు. పిడికిలి బిగించాడు. మా ఊళ్లో పిడికిలి బిగిస్తే పీర్లను ఎత్తుకున్నవాళ్లు కూడా ఆగేవాళ్లు. ఆ రోజు ఆగింది నేనొక్కణ్నే. నా వెనక ఉన్నవాడు వచ్చి నాకు గుద్దుకుని, "నడువ్‌రా పులీ, ఏం పుట్టింది నీకు!" అని తిట్టాడు. జనంలో ఎవడో "గా ముసలాయన అడ్డముండు, జరుగుమనుండ్రి!" అని అరిచాడు. ఇంకొకడు నవ్వాడు. గాలిలో ఈగలు తోలుకుంటున్నాడని.

ఆ నవ్వినవాణ్ని గుండంలో తోసేద్దామనిపించింది. నిజంగానే అడుగు వేశాను. ఫక్రుద్దీన్ చూశాడు. అరచేయి దించాడు. ఆ చేతి మాట వినేది నేనొక్కణ్నే కదా, ఆగిపోయాను.

మల్లప్ప మూలకు నడిచి తిరిగొచ్చాడు. డప్పులు గుసగుసలయ్యాయి. రామమ్మ ఎత్తుకుంది, "చినుకు పడితె చిన్నబోయెను తోలు," అని. ఫక్రుద్దీన్ కుడిచెయ్యి కిందికి వాలిపోయింది. తువ్వాల మాత్రం కదులుతోంది. "నెత్తురు ప" దగ్గరికి రాగానే డప్పులన్నీ బంద్. ఆ బహుమతి ఆటలో ఖాళీ ఉన్నది ఆ ఒక్క చోటే. ఆ ఖాళీలో తువ్వాల గట్టిగా లాగినట్టు కదిలింది.

రామమ్మ ఆగలేదు.

"...డితె ఏమైనవే నేలా..."

ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట. అది పోయిన ఏడు పాడినట్టు కూడా లేదు. బొంగురుగా, వంకరగా, నేలను నిలదీసినట్టు పోయింది. కుడిచెయ్యి మళ్లీ లేచి మోకు లాగింది, ఆమె లాగింది. డప్పులవాళ్లు సిర్రలు గాలిలో పట్టుకుని ఉండిపోయారు. క్యాసెట్టులో ఇది లేదు. తర్వాత ఏం చెయ్యాలో ఒక్కడికీ తెలియలేదు. జనం కూడా నోళ్లు తెరిచారు.

అప్పుడు మల్లప్ప తలెత్తి చేతిని చూశాడు.

ఏడాది తర్వాత మొదటిసారి చూశాడు. ఫక్రుద్దీన్ వేలు ఆయన దిక్కు చూపింది. మణికట్టు తిరిగింది. అరచేయి తెరుచుకుంది.

నీ ఇష్టం.

మల్లప్ప గుండె మీది డప్పును చూసుకున్నాడు, జనాన్ని చూశాడు, పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను, కుర్చీలో బుచ్చిరెడ్డిని. మళ్లీ చేతిని చూశాడు. సిర్ర పైకెత్తి కొట్టాడు.

క్యాసెట్టు రెండో వైపు. ఎక్కడ మొదలవ్వాలో సరిగ్గా అక్కడి నుంచి.

మిగతా డప్పులు ప్రాణం లేచొచ్చినట్టు అందుకున్నాయి. రామమ్మ పాట వాటి కింద కాసేపు కదిలి మునిగిపోయింది. జనం ఈలలు వేశారు. నా మొహం మీద రంగు చెమటకు కరిగి నోట్లోకి దిగింది. రంగులో కలిపిన కిరసనాయిలు రుచి. ఉమ్మేశాను.

ఫక్రుద్దీన్ చెయ్యి దించాడు. తువ్వాల తీసి దులిపి భుజం మీద వేసుకుని, రామమ్మ చెయ్యి పట్టుకుని జనంలోంచి నడిచాడు. జరగమని అడగాల్సి వచ్చింది, నోటితో. నేను వెనకే పోయాను.

"చిచ్చా, వాన్ని ఎందుకడిగినవ్? పిడికిలి పట్టి ఆపకపోతివి! గప్పుడు చూసిండు కద, ఆగుతుండె!"

ఆయన బీడీ తీసి చెవి దగ్గర నలిపి చూసుకున్నాడు. మల్లప్ప డప్పును చెవి దగ్గర పెట్టుకున్నట్టే.

"వాని ఇష్టం అన్న. వానికి ఇష్టమైందే కొట్టిండు. ఇగ నేనేం చెప్తరా?"

"అది వాని ఇష్టమా! క్యాసెట్టుది కాదా!"

రామమ్మ తలెత్తి గాలి వాసన చూసింది. ఆమెకు మబ్బు కనబడదు, కానీ గొర్లకాడ బతికిన మనిషి.

"వానొచ్చేటట్టున్నది తమ్మీ. తోలు మెత్తవడతది. గప్పుడు చూడాలె వీండ్ల క్యాసెట్టు."

ముగ్గురం కొట్టం పక్కన చూరు కింద నిలబడ్డాం. అవతల దంచుతూనే ఉన్నారు. ఫక్రుద్దీన్ బీడీ అంటించలేదు, మబ్బు దిక్కే చూస్తున్నాడు. పీర్లు సవారి లేచేదాకా చూశాం. వాన పడలేదు.